మోయదగిన దుర్భిణి

ఈ సంవత్సరము విద్యార్థుల తల్లిదండ్రులు కొందఱు తమలో తాము చందా వేసికొని, మా ప్రకృతి పరిశీలన సంఘమునకు ఒక దుర్భిణిని కొనియిచ్చెదమని తెలియజేసిరి. వారి యౌదార్యమునకు మేము కృతజ్ఞులము. కాని మాటల సందర్భమున వారిలో ఒకరు, "ఇచ్చునదేదో అన్నిటికంటె పెద్దదే యిచ్చెదము, చిన్నది యిచ్చి మాటపడుట యెందులకు?" అనిరి. బాలురు ఈ మాటకు మిక్కిలి సంతసించిరి. మేము మాత్రము సంతసింపలేకపోతిమి. అందులకు కారణము మా పాఠశాల బీరువాలోనే కలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమే ముందు నిలిచి, పట్టుపట్టి, 80 మిల్లీమీటర్ల కటకము గల దుర్భిణిని కొనిపించితిమి. చూచుటకు గంభీరముగా నుండెను. దానిని నిలుపు మూడుకాళ్ల స్టాండుతో కలిపి తూచగా నాలుగు కిలోలకు పైబడెను. మొదటి నెలలో అది నాలుగుసార్లు పులికాటు సరస్సు చూచినది; రెండవ నెలలో ఒకసారి. పిమ్మట వార్షికోత్సవమునాడు బల్లమీద నిలుపుటకు తప్ప బీరువానుండి వెలుపలికి రాలేదు. పరికరమునందు దోషమేమియు లేదు. దోషము ఎంచుకొన్నవారిది, అనగా మాది. అదే పొరపాటు ఇతరుల ధనముతో మరల జరుగకుండుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా మాటలు తెలిసికొందము. ఇచ్చట దుర్భిణి యనగా రెండు కన్నులతో చూచు బైనాక్యులర్సు కాదు. ఒకే గొట్టము గలిగి, స్టాండుపై నిలిపి ఒక కంటితో చూడవలసినది. అంగడివారు దీనిని స్పాటింగ్ స్కోపు అందురు. దానిపై 20-60×65 అనునట్టి అంకెలు చెక్కబడియుండును. మొదటి రెండంకెలు అది వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో చెప్పును. చివరి అంకె ముందరి కటకము యొక్క వ్యాసము, మిల్లీమీటర్లలో. ఇరువది రెట్ల శక్తితో చూచినచో ఒక కిలోమీటరు దూరమున నున్న కొంగ ఏబది మీటర్ల దూరమున నున్నట్లు కనబడును. బాలురు ఎల్లప్పుడును మొదటి అంకెలను చూచి మోసపోవుదురు. పెద్దలు చివరి అంకెను చూచి మోసపోవుదురు. ఇందులో దేనిపైనను వ్రాయబడని మూడవ సంఖ్య, బరువు.

దుర్భిణి యెంత పెద్దదిగా నుండవలెనను ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికా, మధ్య ఆసియా మొదలగు దేశములలో పర్వతములపై కొండగొఱ్ఱెలను, కొండమేకలను వేటాడువారు దినముల తరబడి సంచి వీపున మోసికొని తిరుగుదురు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును వేటను నిషేధించినవి గనుక వారి పని మనది కాదు. అయినను వారి లెక్క మనకు పనికివచ్చును. ఒక శిఖరముమీద కూర్చుండి, లోయకు ఆవల నున్న పొట్టేలు కొమ్ము ఎంత వంపు తిరిగినదో, దాని వయస్సెంతయో దుర్భిణితో నిదానించుకొన్నవాడు, ఊరక లోయ దిగి మరల ఎక్కు శ్రమను తప్పించుకొనును. అనగా దుర్భిణి కాళ్లకు బదులు పనిచేయు పరికరము. అది కాళ్లకు తప్పించు శ్రమకంటె భుజమునకు కలిగించు శ్రమ యెక్కువైనచో దానిని మోయుట వ్యర్థము. లడాఖు కొండలలో మంచు చిరుతను చూడబోవువారు సయితము ఈ తూనికతోనే సామాను కట్టుకొందురు.

మన సరస్సునందు కొండలు లేవు, బురద కలదు. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సు మీదుగానే సాగును. పూర్వులు ప్రళయకావేరి యని పిలిచిన ఈ సరస్సు చాలచోట్ల మోకాటిలోతునకు మించదు; కాని అడుగున బురద మనిషిని పట్టి లాగును. ఫ్లెమింగోలు, మనవారు రాజహంసలని వ్రాయునవి, బాటకు అర కిలోమీటరు మొదలుకొని రెండు కిలోమీటర్ల దూరమున బారులు తీరి మేయుచుండును. దగ్గరకు పోవ యత్నించినచో లేచిపోవును. కావున ఇచ్చట దుర్భిణి లేనిదే పని సాగదు. వందలకొలది పెద్దజాతి ఫ్లెమింగోల నడుమ చిన్నజాతిది ఒక్కటైనను కలదా యని తెలిసికొనవలెనన్న, ముక్కు చూడవలయును: పెద్దదాని ముక్కు లేత గులాబి వన్నె, కొన మాత్రము నలుపు; చిన్నదాని ముక్కు ముదురు ఎఱుపు. నీటియంచున పరుగెత్తు చిన్న ఉల్లంకి పిట్టలను ఒకదానినుండి ఒకటి వేరుచేయుట మరింత కష్టము.

మా పెద్ద దుర్భిణి మొదటి నెలలోనే ఒక యానాది వృద్ధుడు మాకు బుద్ధి చెప్పెను. అటకానితిప్పకు ఇవతల బాటప్రక్క మేము స్టాండు కాళ్లు సాగదీసి, మరలు బిగించి, గొట్టము నిలిపి, మూత తీయుచుండగా ఆయన వల భుజమున వేసికొని వచ్చి కొంతసేపు చూచెను. తరువాత, "అయ్యవారా, మీరు గొట్టం బిగించేలోపల అవి లేచి పడమరకు పోయినాయి గదా!" అనెను. నిజమే. మేము దుర్భిణిలో శూన్యమైన బురదను చూచితిమి. ఆయన పోయినదెక్కడికో వట్టి కంటితో చూపెను. పంతొమ్మిదవ శతాబ్దమున నెల్లూరిలో వైద్యాధికారిగా నుండి పక్షిశాస్త్రమున పేరొందిన జెర్డను దొర సయితము ఈ ప్రాంతపు యానాదులనుండి పక్షుల విషయములు నేర్చుకొనెను. కడప ప్రాంతపు కలివికోడికి ఇంగ్లీషువారు పెట్టిన పేరులో ఆ దొర పేరున్నది. ఆయన గురువుల పేరులు ఎచ్చటను లేవు.

ఇక లెక్కకు వత్తము. ఎనిమిదవ తరగతి బాలురు దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. దుర్భిణి లోపలికి తీసికొను వెలుగు ముందరి కటకము వైశాల్యమును బట్టి యుండును. వైశాల్యము వ్యాసము యొక్క వర్గమును బట్టి యుండును. 50 యొక్క వర్గము 2500. 65 యొక్క వర్గము 4225. 80 యొక్క వర్గము 6400. కావున 50 నుండి 65 కు పోయినచో వెలుగు సుమారు 1.7 రెట్లగును, 65 నుండి 80 కి పోయినచో సుమారు 1.5 రెట్లు మాత్రమే. బరువు సంగతి వేరు. కటకము వెడల్పగుకొలది గొట్టము పొడవును, గాజు మందమును పెరుగును గనుక బరువు దాదాపు ఘనమును అనుసరించును. 65 నుండి 80 కి ఘనముల నిష్పత్తి 1.86. అంగడిలో దొరకు పరికరములను తూచినను ఇంచుమించు ఇట్లే యుండును: 50 మిల్లీమీటర్లవి అర కిలో మొదలు ముప్పాతిక కిలోవరకు, 65 వి ఒక కిలోకు కొంచెము పైగా, 80 వి కిలోన్నర మొదలు రెండు కిలోలవరకు. వెలుగు ఒకటిన్నర రెట్లు కొని, బరువు దాదాపు రెండు రెట్లు చెల్లించుచున్నామన్నమాట. పెద్ద గొట్టమునకు పెద్ద స్టాండు కావలెను గనుక ఆ బరువునకు వడ్డీ కూడ కలదు.

భారత ప్రభుత్వమువారు 2020లో ప్రకటించిన పాఠశాల సంచి విధానము ప్రకారము విద్యార్థి మోయు సంచి అతని శరీరపు బరువులో పదవ వంతుకు మించరాదు. నలుబది కిలోల బాలునకు నాలుగు కిలోలు. మా పాత దుర్భిణియు స్టాండును ఆ హద్దును తామే దాటినవి. నీళ్ల సీసా, అన్నపు డబ్బా, పుస్తకము ఇంకను మిగిలియున్నవి. పుస్తకముల బరువునుగూర్చి మాతో వాదించిన తల్లిదండ్రులే ఈ బరువును కానుకగా నీయ జూచుట మాకు కొంత వింతగా తోచినది. వారిని తప్పు పట్టుట లేదు. బరువు అంగడి బల్లమీద తెలియదు, ఆరవ ఫర్లాంగున తెలియును.

"అయితే పెద్ద దుర్భిణి మేలు చేయనే చేయదా?" అని అడుగవచ్చును. చేయును, ఎప్పుడు చేయునో చెప్పెదము. ముందరి కటకపు వ్యాసమును శక్తిచే భాగించినచో, కంటిలోనికి వచ్చు వెలుగు స్తంభము యొక్క వెడల్పు వచ్చును. 65 ను 20 చే భాగించిన 3.25 మిల్లీమీటర్లు, 80 ని 20 చే భాగించిన 4. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకంటె ఎక్కువ తెఱచుకొనదు. కావున ఆ సమయమున ఇరువది రెట్ల శక్తిచే చూచువానికి 80 ఇచ్చు అదనపు వెలుగు కంటిలోనికే పోదు, కంటిపాప చుట్టు వ్యర్థమగును. వేకువజామునను, మునిమాపునను కంటిపాప విప్పారినప్పుడు మాత్రము పెద్ద కటకము తన గుణము చూపును. అట్లే అరువది రెట్లకు పెంచినప్పుడు 65 దానిలో స్తంభము ఒక మిల్లీమీటరునకు దిగి దృశ్యము మసకబారును. 80 దానిలో కొంత మేలు.

కాని అరువది రెట్ల శక్తి మన సరస్సుపై ఎంతసేపు పనిచేయును? ఇచ్చటనే అసలు చిక్కు కలదు. ప్రొద్దెక్కగానే బురదయు ఉప్పుపొరయు వేడెక్కును. వాటినంటిన గాలి వేడెక్కి పలుచబడి పైకి లేచును. పైనున్న చల్లని గాలి క్రిందికి దిగును. వెలుగు కిరణములు ఈ పలుచని, చిక్కని పొరలగుండ వచ్చునప్పుడు క్షణక్షణము వంగుచుండును. పొయ్యిమీది గాలిలోనుండి చూచిన గోడ ఆడినట్లు ఫ్లెమింగో కాళ్లు ఆడును. దుర్భిణి పక్షిని పెంచినన్ని రెట్లు ఈ ఆటను కూడ పెంచును. ఉదయము తొమ్మిది గంటలు దాటిన తరువాత బాటమీద నిలిచి మేము అరువది రెట్లతో చూచిన ప్రతిసారి పక్షి ఉడుకుచున్న పాయసమువలె కనబడెను. ఇరువదియైదునకు తగ్గింపగా మరల పక్షియైనది. దీనికి కటకము పెద్దదగుట మందు కాదు. గాలిని కొనలేము. ప్రాతఃకాలమున వెళ్లుటయే మందు. వేకువన వెళ్లవలెనన్న నడువవలెను, నడువవలెనన్న సంచి తేలికగా నుండవలెను.

శక్తిపై మోజు గలవారికి ఇంకొక సంగతి. గెలీలియో 1610 జనవరిలో బృహస్పతి చుట్టు తిరుగు నాలుగు చంద్రులను కనుగొన్నది సుమారు ఇరువది రెట్ల దుర్భిణితోనే.

సరస్సు బాటపై బండి దగ్గరగా నుండును గనుక బరువు కొంత దాచుకొనవచ్చును. కొండలలో అది సాగదు. గడచిన శీతకాలమున తొమ్మిదవ తరగతివారిని పెంచలకోనకు తీసికొనిపోయితిమి. వెలికొండలలో జలపాతము పైకి ఎక్కు త్రోవ ఱాళ్లతో నిండియుండును. చేతులు రెండును ఖాళీగా నుండవలెను. మా మిత్రులొకరు 65 మిల్లీమీటర్ల దుర్భిణిని ఎరువిచ్చిరి. దానిని తువ్వాలలో చుట్టి సంచి నడుమ, వీపునకు ఆనునట్లు, పెట్టితిమి. స్టాండును వేఱొకరు మోసిరి. గంటకొకరు చొప్పున మార్చుకొనగా ఎవరును విసుగుకొనలేదు. ఒక చఱియమీద కూర్చుండి, ఎదుటి గోడవంటి బండ అంచున ఒక పెద్ద గ్రద్ద గూటికి పుల్ల తెచ్చి పెట్టుటను పదునేడుగురు పిల్లలు వంతులవారీగా చూచిరి. అక్కడికి ఎక్కిపోవుట ఎవరికిని సాధ్యము కాదు; పోయినను గ్రద్ద నిలువదు. వరుసలో కడపట నిలిచిన బాలుడు కన్ను తీయుటకు నిరాకరింపగా అతనిని మేము భుజము పట్టి లాగవలసివచ్చెను. మా 80 మిల్లీమీటర్లది ఆ చఱియవరకు వచ్చియుండదని మేము ప్రమాణముగా చెప్పగలము.

నేలపట్టు సంగతి వేఱు. అచ్చట గూడబాతులు చెఱువులోని కడప చెట్లపై గూళ్లు కట్టి కట్టకు దగ్గరగానే యుండును. బైనాక్యులర్సే చాలును, దుర్భిణి తెచ్చినను దాని మిక్కిలి తక్కువ శక్తితోనే చూడవలెను. లేనిచో గూడబాతు సంచిముక్కు తప్ప మఱేమియు కనబడదు.

శ్రీహరికోట దగ్గర నివసించు మనము రాకెట్లనుగూర్చి చెప్పకుండుట కుదరదు. 2023 జూలై 14న మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు చంద్రయాన్-3 లేచినప్పుడు కొందఱు బాలురు దుర్భిణి తెమ్మని మమ్మడిగిరి. ఇరువది రెట్ల శక్తిగల దుర్భిణి ఒక కిలోమీటరు దూరమున నలుబది మీటర్లలోపు వెడల్పునే చూపును. అంత సన్నని సందులో పైకెగయు రాకెట్టును వెంబడించుట అనుభవశాలికిని కష్టము. దానికంటె ముఖ్యము: వెంబడించు చేయి తప్పి గొట్టము సూర్యునివైపు తిరిగినచో ఒక్క క్షణములో కన్ను శాశ్వతముగా చెడును. సూర్యుడు ఆకాశమున నుండగా రాకెట్టును దుర్భిణితో గాని, బైనాక్యులర్సుతో గాని వెంబడింపరాదు. ఇది మా సంఘపు నియమము. దీనికి మినహాయింపు లేదు. ఆనాడు అందఱమును వట్టి కన్నులతోనే చూచితిమి. పొగ చార, తరువాత వచ్చిన ఉఱుము, రెండును మాకు చాలినవి.

కొనువారు చూడవలసిన ఇతర సంగతులు కొన్ని కలవు. స్టాండు మరీ తేలికైనచో సముద్రపు గాలికి వణకును. ఆ వణకు ఇరువది రెట్లగును. స్టాండు నడుమ కొక్కెమునకు నీళ్ల సీసాలున్న సంచిని వ్రేలాడదీసి, కాళ్లను పూర్తిగా సాగదీయక, క్రింద కూర్చుండి చూచినచో కిలోన్నర స్టాండే నిలుకడగా నుండును. ఇందుకొఱకే కంటిభాగము వంపుగా నున్న దుర్భిణి పాఠశాలకు తగినది: స్టాండును పొట్టివాని యెత్తునకు నిలిపినచో పొడుగువాడు వంగి చూడగలడు, తిన్నని గొట్టమైనచో ప్రతివానికిని స్టాండు ఎత్తు మార్చవలెను, ఈలోపల యానాది తాత చెప్పినట్లగును. వంపు గొట్టముతో పక్షిని వెదకి పట్టుట మొదట కొంత తికమకగా నుండును. రెండు దినములలో అలవాటగును. కళ్లద్దములు పెట్టుకొను పిల్లలు అవి తీయకుండ చూడగలుగుటకు, కంటిభాగమునుండి కన్ను 15 మిల్లీమీటర్లయినను ఎడముగా నుండి పూర్తి దృశ్యము చూడగలుగునట్లుండవలెను; అంగడిలోనే అద్దములతో చూచి తీసికొనవలయును. వెలుగును రంగులుగా చీల్చని మేలైన గాజు కలదా యని చూడవలెను. లేనిచో తెల్లకొంగ అంచున ఊదారంగు గీత కనబడును. ఒకే వెలకు నాసి గాజు 80 యును, మేలైన గాజు 65 యును దొరకినచో మేము ఆలోచింపకయే రెండవదానిని తీసికొందుము. నీరు చొరనిదై యుండుట మన ఉప్పుగాలికి అత్యవసరము. ఇంటికి వచ్చిన పిదప ముందుగా ఇసుకను ఊది దులిపి, అటుపిమ్మట మాత్రమే మంచినీట తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడువవలెను. ఇసుక నుండగా తుడిచినవాడు కటకమునకు గరుకు కాగితము రుద్దినవాడగును.

కావున చందా వేసికొన్న పెద్దలకు మా విన్నపమిది. 65 మిల్లీమీటర్ల వంపు దుర్భిణి నొకదానిని, కిలోన్నరకు మించని స్టాండును కొనుడు. రెండును కలిపి మూడు కిలోలలోపుగా నుండవలెను. ఆరు, ఏడు తరగతులవారు మాత్రమే కొండకు పోవు పక్షమున 50 యే మేలని అందుము. కాని మా సంఘమున పెద్దపిల్లలు ఎక్కువ, వేకువ ప్రయాణములును ఎక్కువ. మిగిలిన ధనముతో 8×42 బైనాక్యులర్సు రెండు జతలు కొనినచో వరుసలో వేచియుండు పిల్లలు ఊరక యుండరు. పక్షి ఎక్కడికి లేచిపోయినదో చెప్పువారును ఉందురు.

ఇక బీరువాలోని పాతదానిని అమ్మివేయుదమని కొందఱు సూచించిరి. మేము ఒప్పుకొనలేదు. దానిని మోయనక్కఱ లేని చోట నిలిపినచో అది మన కొత్తదానికంటె నిశ్చయముగా మేలైనది. పాఠశాల మేడమీద తూర్పు పిట్టగోడ దగ్గర ఒక సిమెంటు దిమ్మె కట్టించి, దానిపై నిలుపుటకు ప్రధానోపాధ్యాయులవారు అనుమతి దయచేసిరి. అక్కడినుండి చెఱువుగట్టు తుమ్మచెట్లపై వ్రాలు కొంగలు కనబడును. రాత్రులయందు చంద్రుని గోతులు కనబడును. దిమ్మెకు కావలసిన ఇటుకలను పదవ తరగతివారు ఈపాటికే మేడమీదికి చేర్చిరి.